కొండ దిగొచ్చిన బండి

(కారు డీటెయిలింగ్, అంటే బండిని లోపలా బయటా శుభ్రం చేసి మెరుగుపెట్టే పని గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు, తిరుపతి కరకంబాడి రోడ్డులో తొమ్మిదేళ్ళుగా షెడ్డు నడుపుతున్న మా శీర్షిక రచయిత జవాబులు.)

ప్రశ్న: అన్నా, నేను మెకానికల్ డిప్లొమా చేసినాను. ఇంట్లో నాలుగు లక్షలు ఇస్తామంటున్నారు. తిరుపతిలో సిరామిక్ కోటింగ్ స్టూడియో పెడితే నెలకు లక్ష మిగులుతుందని వీడియోల్లో చూసినాను. మా నాయనేమో, ‘కార్లు కడిగి ఎవడు బాగుపడినాడు, శ్రీసిటీలో ఏదన్నా ఉద్యోగం చూసుకో’ అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: తమ్ముడూ, మీ నాయన మాటలో సగం నిజముంది. ఉత్తగా కార్లు కడిగితే గడవదు. కారు రంగు మీద వేసే పల్చటి రక్షణ పూత ఉందే, ఆ సిరామిక్ బోర్డు పెట్టుకున్నా గడవదు. మా షెడ్డు మీద కూడా ‘సిరామిక్’ అనే మాటే అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉంది, దాచేదేముంది. కానీ మా ఇంట్లోకి బియ్యం వస్తున్నది మాత్రం కొండ దిగొచ్చే బండ్ల లోపలి నుంచి.

పొద్దున ఎనిమిదింటికి షట్టర్ ఎత్తేసరికి బయట ఒక ఎర్టిగా నిలబడి ఉంటుంది, పసుపు నంబరు ప్లేటుది. డ్రైవరు నాలుగు అద్దాలూ దించేసి, పది అడుగుల దూరంలో టీ తాగుతుంటాడు. అద్దాలు దించి దూరంగా నిలబడినాడంటే సంగతేందో మేం అడగం. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎవరి బిడ్డకో కడుపులో తిప్పింది. పదకొండింటికి ఆ డ్రైవరుకు రేణిగుంట విమానాశ్రయంలో ఇంకో బాడుగ ఉంది. ఆ మూడు గంటల్లో వాసన పోవాలి. పోకపోతే ఆ బాడుగా పోతుంది, ఆ డ్రైవరూ ఇంక మన దగ్గరికి రాడు.

ఈ పని చూసేవాళ్ళకు చిన్నగా కనపడుతుంది కానీ ఇందులో చదువు ఉంది. వాంతి పడిన సీటు మీద వేడి నీళ్ళు పోస్తే మరక గట్టిపడుతుంది. ముందు గీకి తీసి, పొడిగుడ్డతో అద్ది, ఎంజైమ్ మందు కొట్టి కాసేపు ఊరుకోవాలి. ఆ ఊరుకోవడమే కుర్రోళ్ళకు చేతకాదు. సీటు ఎంత తోమినా వాసన పోవడం లేదంటే, సీటు బెల్టు మొత్తం బయటికి లాగి చూడు. సగం సార్లు అది బెల్టు పట్టీలోనే ఉంటుంది, లేదా సీటు కింద పట్టాల్లో. ఇవేవీ చూడకుండా సెంటు కొట్టి పంపిస్తే, ఎండలో గంట నిలబడగానే రెండు వాసనలూ కలిసి లేస్తాయి.

గుండ్లు చేయించుకున్నవాళ్ళ చందనం ఇంకో కథ. హెడ్ రెస్టు మీద పచ్చగా అంటుకుంటుంది. తడిగుడ్డ పెట్టినావో, లోపలికి దిగిపోతుంది. ఎండనిచ్చి, బ్రష్షుతో రాల్చి, వాక్యూమ్ పట్టి, ఆ తరువాతే తడి. లడ్డూ నెయ్యికి గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చని నీళ్ళు చాలు. పసుపు మరక మాత్రం సబ్బుతో పూర్తిగా పోదు. కడిగి ఎండకు పెడితే రంగు దానంతటదే తేలిపోతుంది. మన ఊళ్ళో ఎండకు కొదవ లేదు కదా. రూఫ్ లైనింగ్ జోలికి పోయేటప్పుడు మాత్రం జాగ్రత్త. నీళ్ళు ఎక్కువైతే లోపలి జిగురు వదిలి, గుడ్డ సంచిలా వేలాడుతుంది.

ఇంక డబ్బుల సంగతి. మాది ఒకే బండి పట్టే షెడ్డు. బాడుగ 18,000, కరెంటు 4,500, ఇద్దరు పిల్లోళ్ళ జీతాలు 28,000, మందులు, గుడ్డలు, ప్యాడ్లు 11,000, చిల్లర 3,500. మొత్తం 65,000. నెలకు 26 రోజులు పని చేస్తాం. అంటే షట్టర్ ఎత్తగానే 2,500 ఖర్చయిపోయినట్టే.

నాకు ఇరవై బాడుగ బండ్లు నెల లెక్కన ఉన్నాయి. ఒక్కోదానికి 2,000. ఇంటి కార్లు లోపల మొత్తం శుభ్రం చేసేవి నెలకు పద్నాలుగు దాకా వస్తాయి, ఒక్కోటి 2,500. పాలిష్‌కు ఆరు, 5,000 చొప్పున. సిరామిక్ రెండు, 16,000 చొప్పున. మొత్తం 1,37,000. సిరామిక్ మందు సీసాలకు 8,000, ఖర్చులు 65,000 తీసేస్తే చేతికి 64,000. ఇది బండి వెనక బండి వచ్చిన మంచి నెల. మనకు అక్టోబరు, నవంబరుల్లో ముసురు పట్టిందంటే ఇందులో సగం చూస్తే గొప్ప.

ఇప్పుడు గంటల లెక్క చూడు. సిరామిక్ బండి మూడు రోజులు, అంటే 24 పని గంటలు నా షెడ్డును పట్టేసుకుంటుంది. సీసా పోను 12,000. గంటకు 500. లోపల శుభ్రం చేసే పని మూడున్నర గంటల్లో అయిపోతుంది. మందులు పోను 2,350 మిగులుతుంది, గంటకు 670 పైమాటే. పెద్ద బిల్లు చూసి మురిసిపోయి మొదటి రెండేళ్ళు నేనీ లెక్కే వేసుకోలేదు. సిరామిక్ కారు లోపలుందని మూడు రోజుల పాటు టాక్సీలను వెనక్కి పంపిన వెర్రివాడిని.

ఒక దెబ్బ కూడా తిన్నాను. చెన్నైలో రెండేళ్ళు పని నేర్చుకుని వచ్చినాననే ధీమాతో, ఒక నల్ల కారు బానెట్ అంచు మీద రోటరీ మెషిన్, అంటే ఒకే చోట గిర్రున తిరిగే పాలిష్ మెషిన్ ఆనించినాను. అంచుల్లో రంగు పల్చగా ఉంటుంది, మెషిన్ వేడి అంతా అక్కడే చేరుతుంది. రెప్పపాటులో పైపొర కాలి రంగు లేచిపోయింది. ఆ బానెట్‌కు మళ్ళీ రంగు వేయించడానికి 9,000 నా జేబులోంచి కట్టినాను. కంపెనీ రంగు అన్ని పొరలూ కలిపి సుమారు 100 నుంచి 130 మైక్రాన్లు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో మెరుపునిచ్చే క్లియర్ కోటు 40, 50 మైక్రాన్లే. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులోంచే కొంత తీస్తున్నాం. అందుకని మందం కొలిచే మీటరు కొనకముందు పాలిష్ మెషిన్ కొనొద్దు. కొనేటప్పుడు కూడా రోటరీ వద్దు, తిరుగుతూనే అటూ ఇటూ ఊగే డ్యూయల్ యాక్షన్ తీసుకో. అది నిదానం, కానీ బానెట్లు అంత సులువుగా కాల్చదు.

నాలుగు లక్షలూ ఒకేసారి పెట్టొద్దు. ప్రెషర్ వాషర్, తడి పొడి రెండూ లాగే వాక్యూమ్, సీటులోంచి మురికి నీళ్ళు గుంజే ఎక్స్‌ట్రాక్టర్, లైట్లు, గుడ్డలు. వీటితో మొదలుపెట్టు. ఆరు నెలల షెడ్డు బాడుగ విడిగా బ్యాంకులో పడి ఉండాలి. దాన్ని ముట్టుకోవద్దు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. దానికి డబ్బులడిగే దళారికి దండం పెట్టు. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్రా లోనులో 50,000 దాకా అయితే శిశు రకం, ఆపైన 5 లక్షల దాకా కిశోర్ రకం. మొదటి ఏడాది వాటి అవసరం రాకుండా చూసుకుంటే మేలు. రాబడి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా సేవల పనికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

ఇంకోటి. షెడ్డు తీసుకోకముందే టాక్సీ స్టాండుకు వెళ్ళు. వారం రోజులు రోజుకొక బండి సీట్లు ఊరికే శుభ్రం చేసి పెట్టు. ఒక డ్రైవరు మెచ్చితే స్టాండంతా మెచ్చినట్టే. ఒక డ్రైవరు తిడితే కూడా అంతే. లక్ష మిగలడం సంగతి తరువాత. శ్రీసిటీ జీతం దాటడానికే నీకు ఏడాదిన్నర పడుతుందని నాయనకు ముందే చెప్పు. ఆయన్ను ఒకసారి షెడ్డుకు తీసుకురా, నేను మాట్లాడతాను.

ప్రశ్న: అన్నగారూ, మా ఆయన చిత్తూరులో వాటర్ సర్వీసింగ్ నడుపుతాడు. లెక్కలు నేను చూస్తాను. వాష్‌కు 350 అంటే, పక్కన 250 కే చేస్తున్నారు కదా అని పోతున్నారు. పైగా కడిగినాక తెల్లమచ్చలు పడుతున్నాయని గొడవ. రేటు తగ్గించాలా?
– ఒక సోదరి, చిత్తూరు

జవాబు: తగ్గించొద్దమ్మా. ముందు మచ్చల సంగతి చూడండి, రేటు జబ్బు కూడా అక్కడే ఉంది. అది బోరు నీళ్ళలో సున్నం. నీరు ఆరిపోతుంది, సున్నం బండి మీదే ఉండిపోతుంది. మా బోరు నీళ్ళు టీడీఎస్ మీటరులో (నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచేది) 900 చూపిస్తాయి. నేను కడగడం అంతా బోరు నీళ్ళతోనే చేసి, ఆఖర్న రెండు బకెట్ల ఆర్వో నీళ్ళు పోయిస్తాను. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్ళు కాళ్ళ కింది మ్యాట్లకు, చక్రాలకు పనికొస్తాయి. నీడలో కడిగి, ఆరకముందే మెత్తటి గుడ్డతో తుడిపించండి. ఎండలో కడిగితే సబ్బే ఎండిపోతుంది. ఇప్పటికే పడిన మచ్చలకు వెనిగర్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి తుడిచి వెంటనే కడిగేయండి. లేత మచ్చలు పోతాయి, పాతవి రంగులోకి దిగి ఉంటే పాలిష్ తప్పదు.

రేటు మాట వచ్చినప్పుడు పక్క షెడ్డు ఊసెత్తకుండా, వాళ్ళ కళ్ళెదురుగా రెండు బకెట్లు పెట్టించండి. ఒకటి సబ్బుకు, ఒకటి గుడ్డ జాడించడానికి. చక్రాలు తుడిచిన గుడ్డ బానెట్ మీదికి రాకూడదు. బండి మీద వెంట్రుకల్లాంటి గుండ్రటి గీతలు ఎక్కువగా పడేది ఆ ఇసుక గుడ్డతోనే. వచ్చినవాళ్ళకు ఒకసారి సెల్‌ఫోన్ లైటు వేసి ఆ గీతలు చూపిస్తే, వంద రూపాయల తేడా ఎందుకో వాళ్ళకే తెలుస్తుంది. తెలియనివాళ్ళు పోతారు, పోనివ్వండి. ఆయుధపూజకు ముందు రోజు ఎటూ అందరూ మీ దగ్గరికే వస్తారు. ఆ రోజు రేటు పెంచకండి, టోకెన్లు ఇవ్వండి. మర్నాడు బానెట్ మీద కుంకుమ తడితో తుడవొద్దని, ముందు పొడిగా దులపమని ఆ టోకెన్ వెనకే రాసి ఇస్తే ఇంకా మంచిది. మా దగ్గర అలా మొదలుపెట్టినాక తెల్లకార్లవాళ్ళు గొడవకు రావడం తగ్గింది.

ప్రశ్న: మూడు నెలల కింద ఒకచోట 22,000 ఇచ్చి కొత్త కారుకు సిరామిక్ వేయించినాను. ‘గీత పడదు’ అన్నారు. గేటు తగిలి గీత పడింది. మోసపోయినట్టేనా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: కోటింగ్ అబద్ధం కాకపోవచ్చు, ఆ మాట మాత్రం అబద్ధమే. సిరామిక్ అంటే మైక్రాన్లలో ఉండే పొర. నీళ్ళు నిలవనివ్వదు, పక్షి రెట్ట త్వరగా రంగులోకి దిగనివ్వదు, కడగడం తేలికవుతుంది. గేటును, రాయిని, తాళంచెవిని ఆపదు. దానికి పీపీఎఫ్ అని మందపాటి పాలియురెథేన్ ఫిల్ము వేరే ఉంది, ఖర్చు కూడా వేరే. మీ కారుకు నిజంగా కోటింగ్ వేసినారా లేదా అనేది ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. మంచి షాంపూతో కడిగి, శుభ్రమైన నీళ్ళు పోయండి. గుండ్రటి ముత్యాల్లా దొర్లి జారిపోతే ఏదో పొర ఉన్నట్టే. పరుచుకుని నిలబడిపోతే, బిల్లు తీసుకుని వేసినవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. గీత మీద గోరు ఆడించి చూడండి. గోరుకు తగలకపోతే పాలిష్‌లో పోతుంది, ఆ చోట మళ్ళీ కోటింగ్ వేయాలి. గోరు పట్టుకుంటే గీత పాలిష్‌కు అందనంత లోతుగా దిగి ఉండొచ్చు. అది పెయింటర్ పని, నా పని కాదు.