తమ్ముడికి గుండెపోటు, అక్కకు పరీక్ష

ప్రశ్న: డాక్టరు గారూ, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. తమ్ముడికి 34 ఏళ్లు, రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా. సంక్రాంతి వెళ్లిన వారానికి గుండెపోటు వచ్చింది. రక్తనాళంలో గడ్డ ఉందని స్టెంట్ వేశారు. మూడో రోజు పరీక్షలో ప్రోటీన్ ఎస్ తక్కువగా వచ్చింది. ఇది వంశంలో ఉండే జబ్బని ఎవరో అన్నారు. మా మేనమామకు తొడ ఎముక విరిగి మంచాన పడ్డప్పుడు కాలిలో రక్తం గడ్డకట్టింది. ఇంటిల్లిపాదీ పరీక్షలు చేయించుకోవాలా? అమ్మ ఇప్పటికే తమ్ముడికి గోంగూర, తోటకూర మానిపించింది. వాడు సిగరెట్లు కాలుస్తాడు. నాకు నిరుడు ఐదో నెలలో గర్భం పోయింది.

జవాబు: అమ్మా, మేనమామ కాలికి ఇచ్చినంత చోటు తమ్ముడి సిగరెట్లకు ఇవ్వలేదు మీరు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగకుండా చూడాలి, కునుకు తీయకూడదు, అందుకని గంటకో సిగరెట్టు. చెరువు గట్ల నుంచి నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లలో చాలామంది కథ ఇదే. పొగ ధమని లోపలి పొరను గాయపరుస్తుంది, ప్లేట్‌లెట్లను ఒకదానికొకటి అతుక్కునేలా చేస్తుంది. అక్కడ చిన్న కొవ్వు పొక్కు చిట్లినా చాలు, దాని మీద గడ్డ కట్టేస్తుంది.

ఇక ప్రోటీన్ ఎస్, అంటే రక్తం అతిగా గడ్డకట్టకుండా చూసే ప్రోటీన్. ఒంట్లో కొత్తగా గడ్డ కట్టిన రోజుల్లో అది తగ్గి కనిపించవచ్చు. మూడో రోజు కాగితం పట్టుకుని వంశానికి జబ్బు అంటగట్టడం తొందరపాటు. మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. నిజంగానే తక్కువ ఉన్నా, దాని ప్రతాపం ఎక్కువగా కాళ్ల సిరల్లో, ఊపిరితిత్తుల్లో. గుండె ధమనులతో దానికున్న సంబంధం బలహీనం. మేనమామ గడ్డకు విరిగిన తొడ, మంచం చాలినంత కారణం. ల్యాబుల ప్యాకేజీల్లో కనిపించే ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ (రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచే జన్యు మార్పు) కూడా సిరల బాపతే. 1994లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో గుర్తించారు కాబట్టి ఆ ఊరి పేరు పెట్టారు. అది ఐరోపా సంతతిలో ఎక్కువ, మనవాళ్లలో అరుదు. ఆ డబ్బుతో మీ తోబుట్టువులంతా బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, జీవితంలో ఒక్కసారి లైపోప్రోటీన్-ఎ (రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం) చూపించుకోండి. ఇవి నిజంగా కుటుంబాల్లో నడుస్తాయి.

గోంగూర సంగతి: స్టెంట్ తర్వాత ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌కు ఆకుకూరలతో పేచీ లేదు. ఆకుకూరల్లోని విటమిన్ కె అడ్డుపడేది వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ అనే రక్తం పలుచబరిచే మందులకు, అవి రాసినవారికే ఆ లెక్క. వాళ్లూ మానక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు. అమ్మను పులుసు పెట్టమనండి.

ఉత్తరంలో నన్ను ఆపింది మాత్రం మీ చివరి వాక్యం. సిరలనే కాక ధమనులనూ పట్టేది యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బు, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తే పొరబడి రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీబాడీలు తయారుచేయడం. పదో వారం దాటాక గర్భం పోవడం దాని గుర్తుల్లో ఒకటి. లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, యాంటీ బీటా-2 గ్లైకోప్రోటీన్ పరీక్షలు మీకూ, తమ్ముడికీ చేయించండి. మీ ఇద్దరికీ ఒకటే కారణమని కాదు, ఎవరి సంగతి వాళ్లది. తేడా వస్తే 12 వారాల తర్వాత మళ్లీ చేస్తేనే ఖాయం. ఉన్నట్లు తేలినా భయపడకండి. తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లతో చాలామంది బిడ్డను కన్నారు. అప్పటిదాకా గర్భనిరోధక మాత్రలు వాడుతూ ఉంటే, వాటిలో కొన్ని గడ్డకట్టే ముప్పు పెంచుతాయి కాబట్టి, వేరే పద్ధతి గురించి ఈ వారమే మీ డాక్టరును అడగండి.