ఇంటిపేరు చూసి కులం రాయకు, బిడ్డా

బిడ్డా,

ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ దిక్కు ఆశ్రమ పాఠశాలలో నీకు టీచర్ పోస్టింగ్ వచ్చిందని మీ బాపు ఫోన్‌లో చెప్పిండు. 'అంతా అడవి, అందరూ గోండులే' అని ఎవరో నిన్ను టెన్షన్ పెట్టారట. అడవి మునుపటంత లేదు. అందరూ గోండులూ కాదు. కోలాములు, ప్రధానులు, తోటీలు, నాయకపోళ్ళు, లంబాడాలు కూడా ఉంటారు.

ముందు నా తప్పు చెప్తా. కొత్తలో అడ్మిషన్ రిజిస్టర్ రాస్తుంటే ఒక పిల్లవాడు ఇంటిపేరు ఆత్రం అన్నాడు. ఆత్రం అంటే గోండే కదా అని కులం గడిలో అదే రాసేశాను. వాడు కోలాం. ఆత్రం, టేకం లాంటి ఇంటిపేర్లు గోండుల్లో, కోలాముల్లో, ప్రధానుల్లో కూడా ఉంటాయి. కోలాములను, తోటీలను ప్రభుత్వం పీవీటీజీలని, అంటే బాగా వెనుకబడిన గిరిజన తెగలని, వేరుగా లెక్కిస్తుంది, వాళ్ళకు ప్రత్యేక పథకాలు ఉంటాయి. ఏండ్ల తర్వాత వాడికి సర్టిఫికెట్ కావాల్సి వస్తే నా రాతే అడ్డం పడింది. దాన్ని సరిచేయించడానికి వాళ్ళ నాయన, నేను ఎన్నిసార్లు ఆఫీసు మెట్లెక్కామో! అందుకే పెన్ను పట్టే ముందు తల్లిదండ్రులను అడుగు. వాళ్ళు తడబడితే గూడెం పటేల్‌ను అడుగు.

నీళ్ళను గోండు పిల్ల 'ఏర్' అంటుంది, కోలాం పిల్ల 'ఈర్' అంటుంది, లంబాడా పిల్ల 'పాణి' అంటుంది. మన ఏరు గుర్తొచ్చిందా? మొదటి నెల తెలుగు పాఠం కొంచెం తగ్గినా సరే, పిల్లల దగ్గర ఇట్లాంటి మాటలు ఓ యాభై నేర్చుకో. పెద్దవాళ్ళు కనిపిస్తే 'రాం రాం' అను.

హాస్టల్ భోజనాల వరసను మాత్రం ఒక కంట కనిపెట్టు. పాతకాలంలో గోండులు ప్రధానుల చేతి అన్నం తినేవాళ్ళు కాదు. ఆ గోండుల వంశాల కథలను కీక్రి వాయిస్తూ చెప్పేది మాత్రం ఆ ప్రధానులే, తోటీలే! గుంజాల అనే ఊళ్ళో దొరికిన గోండి లిపి ప్రతులను దాచిందీ ప్రధానుల ఇండ్లే. 2018లో ఆ లిపికి కంప్యూటర్లు, ఫోన్లు వాడే యూనికోడ్‌లో చోటు దొరికింది. క్లాసులో ప్రధాన్ పిల్లవాడు తల వంచుకొని కూర్చుంటే ఈ సంగతి అందరి ముందూ చెప్పు.

దీపావళికి దండారి ఆటపాటల పండుగ మొదలైతే హాజరు సగానికి పడిపోతుంది. నోటీసులు పంపకు. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీ వేషగాళ్ళు ఊరూరా తిరుగుతుంటే పిల్లలు బడిలో కుదురుగా ఎట్లా కూర్చుంటారు? పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర ఉంటుంది. మెస్రం వంశం వాళ్ళు కాలినడకన గోదావరి జలం తెచ్చి పూజ చేస్తారు. పరీక్షలు ఆ రోజులకు ఇటో అటో పెట్టుకో.

ఇంకో మాట. లంబాడాలను 1976లో ఎస్టీ జాబితాలో కలిపిన దగ్గర్నుంచి ఆదివాసీలకు, వాళ్ళకు మధ్య లోపల మంట ఉంది. 2017లో అది బయటపడింది. స్టాఫ్ రూంలో ఆ చర్చ వస్తే విను, నోరు జారకు. గోండు, లంబాడా పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునేది నీ క్లాసులోనే.

చలి బాగా ఉంటుంది, మందపు రగ్గు పెట్టుకో. వచ్చేటప్పుడు నాకు కొంచెం ఇప్పపువ్వు పట్టుకురా.

నీ
పెద్దబాపు