ముఖపరిచయం లేని మనిషితో యుద్ధం మీద నాలుగు నెలల వాదన

ముక్కూ మొహం తెలియని వ్యక్తితో ఆన్‌లైన్‌లో వాదించి ఒక యుద్ధం మీద ఆయన అభిప్రాయాన్ని మార్చడం ఎవరికైనా సాధ్యమైందా అనీ, మూడు వారాలుగా ప్రయత్నిస్తున్న మీరు ఇంకా కొనసాగించాలా వద్దా అనీ అడిగారు. నా వరకు చెప్పాలంటే, అభిప్రాయాన్ని మార్చలేకపోయాను. అయితే ఆ అభిప్రాయానికి దన్నుగా ఆయన చూపుతూ వచ్చిన ఒక అబద్ధాన్ని ఆయన చేతనే తీసేయించగలిగాను. దానికి ముందు నా దగ్గరున్న అబద్ధం ఒకటి నేను వదులుకోవలసి వచ్చింది.

నేను హనుమకొండలో ఉంటాను; ఇంటర్మీడియట్ విద్యార్థులకు పౌరశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా అక్క కొడుకు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరంలో ఉండగా 2022 ఫిబ్రవరి 24న రష్యా దాడి మొదలైంది. ఉక్రెయిన్‌లో చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు, బంధువులు, వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి వైపు వాళ్లందరూ కలిసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. మార్చి 1న కర్ణాటకకు చెందిన ఒక విద్యార్థి ఖార్కివ్‌లో కాల్పులకు బలయ్యాడు. ఆ మర్నాడే, బండ్లు దొరకని వాళ్లు కాలినడకనైనా సరే నగరం వదిలి శివార్లలోని పిసోచిన్ చేరుకోవాలని మన రాయబార కార్యాలయం చెప్పింది. మావాడు ఆ పదకొండు కిలోమీటర్లు నడిచి, చివరికి పోలండ్ మీదుగా, మన ప్రభుత్వం విద్యార్థులను తీసుకురావడానికి నడిపిన ఆపరేషన్ గంగా విమానంలో ఇల్లు చేరాడు. ఆ రోజుల్లో గ్రూపులో ఎవరూ రాజకీయం మాట్లాడలేదు. పిల్లలందరూ వచ్చాకే మా అసలు పోట్లాట మొదలైంది.

నాకు ఎదురుపడిన పెద్దమనిషి గోదావరిఖని వైపు వారు, సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. ఎవరి బంధువుగా గ్రూపులోకి వచ్చారో కూడా అప్పట్లో నాకు తెలియదు. "రష్యా మన పాత దోస్తు. ఉక్రెయిన్ మనకు ఎన్నడన్న అక్కరకొచ్చిందా?" అన్నది ఆయన మాట. దానికి జవాబుగా నేను పేజీలకు పేజీలు రాశాను. 1991 డిసెంబర్ 1 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో తొంభై శాతానికి పైగా ఉక్రెయిన్ ఓటర్లు స్వాతంత్ర్యానికి ఓటు వేశారని, తన గడ్డ మీదున్న అణ్వాయుధాలను వదులుకున్నందుకు 1994లో బుడాపెస్టులో ఆ దేశ సరిహద్దులను గౌరవిస్తామని రష్యా కూడా సంతకం చేసిందని, 2014లో క్రిమియాను కలుపుకోవడంతో ఆ సంతకానికి విలువ లేకుండా పోయిందని వరుసగా వివరించాను. తరగతిలో నలభై అయిదు నిమిషాలు ఎవరూ అడ్డు చెప్పకుండా మాట్లాడిన అలవాటు మనిషిని ఎంత చెడగొడుతుందో నాకు అప్పుడు తెలిసింది. ఆయన వాటిలో ఒక్క వాక్యానికీ జవాబివ్వకుండా, 2003లో ఐక్యరాజ్యసమితి అనుమతి లేకుండా అమెరికా ఇరాక్ మీద పడినప్పుడు మీరెక్కడున్నారని అడిగేవారు. మిగిలిన సభ్యులు మా ఇద్దరి మధ్యలో శుభోదయం పూలు పెట్టి పోయేవారు.

ఇక నా అబద్ధం సంగతి. యుద్ధం తొలి రోజుల్లో, ఒకే ఒక్క ఉక్రెయిన్ పైలట్ మొదటిరోజే ఆరు రష్యా విమానాలను కూల్చాడంటూ 'కీవ్ భూతం' పేరుతో ఒక వీడియో తిరిగింది. దాన్ని నేనే గర్వంగా గ్రూపులో పెట్టాను. ఏప్రిల్ 30న ఉక్రెయిన్ వైమానిక దళమే అటువంటి వ్యక్తి లేడని, అది ప్రజలు అల్లుకున్న వీరగాథ అని ప్రకటించింది. రెండు రోజుల తరువాత ఆయన రాశారు: "సార్, మీ భూతం పైలట్ ఉత్తదేనట. వాళ్ల ఎయిర్ ఫోర్సోళ్లే చెప్పిండ్రు. పిల్లలకు పాఠాలు చెప్పినోళ్లు మీరే గిట్ల నమ్మితే ఎట్ల?" వెతికి చూస్తే ఆయన చెప్పింది అక్షరాలా నిజం, పైగా ఆ వీడియో ఒక కంప్యూటర్ ఆటలోది. అయినా అసలు విషయం అది కాదు కదా అంటూ రెండుసార్లు రాసి, రెండుసార్లూ తుడిపేశాను. అసలు విషయం అది కాదని ఆయన అన్నప్పుడల్లా నేను ఎంతగా మండిపడ్డానో గుర్తుకు వచ్చింది. చివరికి, మీరు చెప్పినదే నిజం, నేను చూసుకోకుండా పంపాను అని అదే గ్రూపులో, అందరి ముందే రాశాను.

ఆ రాత్రి ఆయన నుంచి నాకు విడిగా మెసేజ్ వచ్చింది. "ఏమనుకోకుండ్రి సార్. అందరి ముంగట అట్ల అనకపోతుంటి." మాటలు అనదగినవి అక్కడి నుంచే మొదలయ్యాయి. గ్రూపులో మేమిద్దరం ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు, చూస్తున్న నూట యాభై మందితో మాట్లాడాం. వాళ్లు లేని చోట ఓడిపోవడానికి పెద్దగా ఖర్చు లేదు.

రష్యా అంటే మీకెందుకు అంత అభిమానం అన్నా అని నేను అడిగింది అప్పుడే, మూడో నెలలో. అంతకుముందు ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఆయన పెద్దన్న 1971లో సైన్యంలో ఉన్నారు, తూర్పు వైపు యుద్ధంలో పాల్గొన్నారు. అమెరికా తన ఏడో నౌకాదళానికి చెందిన నౌకలను బంగాళాఖాతం వైపు పంపిన ఆ డిసెంబర్‌లో, భద్రతా మండలిలో సోవియట్ యూనియన్ పదే పదే వీటో చేసి మనను కాచిన సంగతి ఆ ఇంట్లో ఇప్పటికీ నిన్నటి మాటలాగే చెప్పుకుంటారు. "రష్యా లేకుంటే మా అన్న తిరిగొస్తుండెనా సార్?" అని ఆయన అడిగారు. 1971 ఆగస్టు 9 నాటి ఇండో-సోవియట్ మైత్రి ఒప్పందాన్ని నేను ఏళ్ల తరబడి రెండు మార్కుల ప్రశ్నగా రాయించినవాణ్ణి. ఆయనకు అది తీర్చుకోవలసిన బాకీ. బుడాపెస్టు గురించి నేను ఎంత రాసినా, ఆయన అడగని ప్రశ్నకు జవాబు చెబుతూ వచ్చానని అప్పుడు అర్థమైంది.

అందుకని ఆ బాకీ గురించే మాట్లాడాను. 1971లో మనకు అండగా నిలిచింది రష్యా ఒక్కటే కాదని, ఉక్రెయిన్ కూడా అందులో భాగమైన సోవియట్ యూనియన్ అని, అప్పటి అధినేత బ్రెజ్నెవ్ పుట్టింది ఉక్రెయిన్ గడ్డమీదనే అని చెప్పాను. మన వైమానిక దళం దశాబ్దాలుగా సరుకులు మోయిస్తున్న ఏఎన్-32 విమానాలు కీవ్‌లో తయారైనవనీ, మన యుద్ధనౌకల్లో చాలావాటికి గ్యాస్ టర్బైన్లు ఉక్రెయిన్‌లోని మికొలయీవ్ నుంచి వచ్చాయనీ చెప్పినప్పుడు ఆయన ఒక రోజంతా ఏమీ రాయలేదు. మర్నాడు, మరి 1990ల చివర్లో ఉక్రెయిన్ పాకిస్తాన్‌కు 320 టి-80 ట్యాంకులు అమ్మలేదా అని అడిగారు. అమ్మింది, అది నిజమేనని ఒప్పుకున్నాను. తరువాత ఆయన తన దగ్గరున్న పెద్ద అస్త్రం తీశారు. 1998లో మనం అణుపరీక్షలు చేసినప్పుడు భద్రతా మండలిలో ఉక్రెయిన్ మనకు వ్యతిరేకంగా ఓటు వేసిందని, రష్యా మన పక్షాన నిలిచిందని చెప్పే ఫార్వర్డ్ అది. మీకూ వచ్చే ఉంటుంది.

దానికి నేను వ్యాసం రాయలేదు. "అన్నా, ఆ సంవత్సరం మండలిలో ఉక్రెయిన్ సభ్యదేశమేనా, ఒక్కసారి చూస్తారా?" అని మాత్రం అడిగాను. మనవరాలితో వెతికించడానికి ఆయనకు మూడు రోజులు పట్టింది. ఆ అణుపరీక్షలను ఖండించిన 1998 జూన్ 6 నాటి 1172వ తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గిందని, అనుకూలంగా ఓటు వేసిన వారిలో రష్యా కూడా ఉందని, ఉక్రెయిన్ అప్పుడు మండలిలోనే లేదని ఆయనే నాకు రాశారు. నేను అడగకుండానే ఆ సంగతి మా గ్రూపులోనూ, తమ సింగరేణి పాత మిత్రుల గ్రూపులోనూ పెట్టారు. నాలుగు నెలల్లో నేను సాధించింది ఇంతే. ఇదే విషయం నేను ఆధారాలతో సహా ఆయన ముందు పెట్టి ఉంటే, అమెరికా వాళ్లు రాసిందని తోసిపుచ్చేవారని నా నమ్మకం.

ఆయన వల్ల నేనూ కొంత మారాను. అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటో తన సరిహద్దు దాకా వస్తోందని రష్యా చెప్పే మాట ఒక సాకు మాత్రమేనని అంతకుముందు అనేవాణ్ణి. ఉక్రెయిన్, జార్జియాలు నాటో సభ్యులవుతాయని 2008 ఏప్రిల్‌లో బుకారెస్టులో ప్రకటించినప్పటి నుంచి రష్యా అభ్యంతరం చెబుతూనే ఉందని ఆయన నాతో చదివించారు. అది ఒక కారణమేనని, కానీ పొరుగు దేశం మీద సైన్యాన్ని నడిపించడానికి హక్కు కాదని ఇప్పుడు నా అభిప్రాయం. హక్కేనని ఆయన అభిప్రాయం. అక్కడ మేం ఆగిపోయాం.

2024లో, ఉద్యోగాలిప్పిస్తామన్న ఏజెంట్ల మాట నమ్మి వెళ్లి రష్యా సైన్యంలో చిక్కుకున్న మన యువకుల వార్తలు వచ్చాయి, వారిలో హైదరాబాద్ యువకుడు ఒకరు చనిపోయారు. అదను దొరికిందని నా మనసు ఉబలాటపడిన మాట దాచను. నేను ఊరుకున్నాను. రెండు రోజులకు ఆయనే ఆ వార్త పంపి, "ఇది తప్పు సార్" అన్నారు. తప్పు ఏజెంటుదా, రష్యాదా అని నేను అడగలేదు.

ఇప్పుడు మీ సంగతి. మీరు వాదిస్తున్న ఖాతాకు పేరు, ఫొటో లేవని, రోజంతా శవాల బొమ్మలు పెడుతుందని, మీ ప్రశ్నకు ఒక్కసారి కూడా సూటిగా జవాబు ఇవ్వలేదని రాశారు. అలాంటి దానితో నేనూ ఒకప్పుడు పది రోజులు వృథా చేశాను. అవతల ఉన్నది ఒక మనిషో, జీతానికి రాసే పదిమందో కూడా తెలియలేదు. మీ స్థానంలో నేనుంటే ఈ రోజే మానేస్తాను. ఆ ఖాతా ఎప్పుడైనా తన ఇంటి గురించో, పని గురించో ఒక్క ముక్క చెబితే మాత్రం, అందరి ముందు కాకుండా విడిగా పలకరించి, అది ఎందుకు చెప్పవలసి వచ్చిందో అడగండి.

ఆ ఏడాది దసరాకు గోదావరిఖని నుంచి నాకు జమ్మి ఆకు ఫొటో వచ్చింది. "బంగారం తీసుకోండ్రి సార్. నాటో ముచ్చట ఇంక మిగిలే ఉన్నది" అని దాని కింద రాశారు.