చైతూకి, గ్రీన్ కార్డ్ సంగతి గురించి పెద్దమ్మ

చైతూ,

మొన్న ఫోన్లో చెప్పావు కదా, మీ మేనేజర్ గ్రీన్ కార్డ్ మొదలుపెడదామా అని తనంతట తనే అడిగితే "హైక్ సంగతి తేలాక చూద్దాం" అన్నావని. పక్కన మీ పెదనాన్న ఉన్నారని ఊరుకున్నాగానీ లేకపోతే అక్కడికక్కడే తిట్టేదాన్ని. రేపు ఆఫీసుకెళ్ళగానే సరే మొదలుపెట్టండి అని ఈమెయిల్ పెట్టు, నోటిమాటగా చెప్పి వదిలెయ్యకు. హైక్ ఈసారి కాకపోతే వచ్చే ఏడాది అడుక్కోవచ్చు, ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డ్ క్యూలో నీ చోటు తేల్చే తేదీ, అలా కాదు నాన్నా.

ఈ మొత్తం తతంగంలో నీదీ అని చెప్పుకోడానికి ఉండేది ఆ తేదీ ఒక్కటే, మిగతాదంతా కంపెనీది, లాయరూ కంపెనీ వాడే. పెర్మ్ అంటే ఈ ఉద్యోగానికి అర్హులైన అమెరికా వాళ్ళు దొరకలేదని కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కి పెట్టే దరఖాస్తు, అది ఫైల్ చేసిన రోజే నీ ప్రయారిటీ డేట్. ఏడాదికి ఉద్యోగాల కోటాలో ఇచ్చే గ్రీన్ కార్డులు సుమారు 1,40,000, అందులోనే పెళ్ళాం పిల్లలు కూడా లెక్క, పైగా ఒక్కో దేశానికి 7 శాతం అనే గీత ఉంది, మనవాళ్ళు చూస్తే ఇంతమంది. అందుకే ఇండియాలో పుట్టిన వాళ్ళకి ఈబీ-2 (మాస్టర్స్ స్థాయి ఉద్యోగాల వరస) అయినా ఈబీ-3 (దాని కింది వరస) అయినా, క్యూ ఏ తేదీ దాకా వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్ ఎక్కడో పదేళ్ళ కిందటి తేదీల దగ్గర నత్తనడక నడుస్తుంటుంది. నువ్వు హైక్ కోసం ఆరు నెలలు ఆగితే ఆ ఆరు నెలల్లో ఫైల్ చేసిన వాళ్ళందరూ నీ ముందుకి వచ్చి నిలబడతారు, అంతే.

ఇంకో లెక్క కూడా ఉంది. హెచ్-1 వర్క్ వీసా ఆరేళ్ళు, నువ్వు నాలుగో ఏడాదిలో ఉన్నావు. ఆరేళ్ళు దాటాక ఒక్కో ఏడాది పొడిగింపు కావాలంటే పెర్మ్ ఫైల్ చేసి 365 రోజులు అయ్యుండాలి, మూడేళ్ళ పొడిగింపు కావాలంటే ఐ-140, అంటే పెర్మ్ తర్వాత కంపెనీ నీ కోసం ఇమిగ్రేషన్ వాళ్ళ దగ్గర వేసే పిటిషన్, అప్రూవ్ అయ్యుండాలి. పెర్మ్ కేమో ఈమెయిల్ పెట్టిన మర్నాడే ఫైల్ అయ్యే అలవాటు లేదు. ముందు ఈ ఉద్యోగానికి ఈ ఊళ్ళో ఎంత జీతం ఇవ్వాలో లేబర్ డిపార్ట్‌మెంట్ తేల్చాలి, దానికే నెలలు పడుతుంది. తర్వాత ప్రకటనలు, రెండు ఆదివారాలు పేపర్లో, రాష్ట్రం వాళ్ళ జాబ్ సైట్లో 30 రోజులు, ఇంకా కొన్ని. ఆఫీసులో నోటీసు కూడా పెట్టాలి, పది పనిదినాలు. మా ఆఫీసులో కాఫీ మెషీన్ పక్క గోడకి నా ఉద్యోగం వివరాలు జీతంతో సహా అంటించారు, పేరు లేదనుకో, కానీ అది నాదేనని అందరికీ తెలుసు, కాఫీ పోసుకుంటూ ఒక్కొక్కళ్ళూ నింపాదిగా చదవడం, చదివి నావైపు చూడటం. సిగ్గుపడక్కర్లేదు, నీకూ పెడతారు. ఆ ప్రకటనలు చూసి అర్హత ఉన్న అమెరికా వాళ్ళెవరైనా అప్లై చేస్తే ఇంక అక్కడితో ఆగిపోతుంది, ఆ రెజ్యూమేలు చూడటంలో నువ్వు వేలు పెట్టకూడదు, మీ మేనేజర్ ఎంత స్నేహంగా ఉన్నా అడగను కూడా అడగొద్దు. మీ ఆఫీసులో అదే రకం ఉద్యోగాల్లో లేఆఫ్‌లు జరిగాయంటే, ఆరు నెలల లోపు తీసేసిన వాళ్ళని ముందు పిలిచి చూడాలి, అందుకే లేఆఫ్‌ల టైంలో చాలా కంపెనీలు పెర్మ్ ఆపేస్తాయి. ఇప్పుడు మీ దగ్గర ప్రశాంతంగా ఉంది కాబట్టే ఇంత తొందరపెడుతున్నా.

నీ పని అంటూ ఉన్నది ఎక్స్‌పీరియన్స్ లెటర్లు. ఇప్పుడు స్పాన్సర్ చేసే కంపెనీలో చేసిన అనుభవం మామూలుగా లెక్కలోకి రాదు, కాబట్టి హైదరాబాద్ లో చేసిన ఆ మూడేళ్ళే ఆధారం. ఉత్త రిలీవింగ్ లెటర్ పనికిరాదు, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, ఫుల్ టైమా కాదా, ఏం పని చేశావు, ఏ టెక్నాలజీలు, అన్నీ లెటర్‌హెడ్ మీద ఉండాలి. ఆ కంపెనీ వాళ్ళు అలా ఇవ్వం అంటే అప్పటి మీ మేనేజర్‌తో రాయించు, మనుషులు ఉద్యోగాలు మారి నంబర్లు మార్చేసుకోక ముందే. లాయర్ జాబ్ డిస్క్రిప్షన్ పంపించి చూడమంటే ఓకే అని కొట్టేయకుండా లైన్ లైన్ చదువు, ఈబీ-2 నా ఈబీ-3 నా అనేది నీ ఎంఎస్ ని బట్టి కాదు, ఆ ఉద్యోగానికి మాస్టర్స్ కావాలని అక్కడ రాశారా లేదా అన్నదాన్ని బట్టి. నీ దగ్గర లేని స్కిల్ ఒక్కటి అందులో ఉన్నా తర్వాత ఐ-140 లో పట్టుకుంటారు. లేని అనుభవం ఉన్నట్టు లెటర్ పుట్టించి ఇస్తాం అనేవాళ్ళు మనలోనే దొరుకుతారు, వాళ్ళ ఛాయలకి పోకు, అబద్ధం అని తేలితే జీవితాంతం ఈ దేశంలోకి రానివ్వరు.

డబ్బుల సంగతి. పెర్మ్ కి లాయర్ ఫీజు, ప్రకటనల ఖర్చు మొత్తం కంపెనీయే పెట్టుకోవాలి, 2007 నుంచి రూల్ అది, నీ జీతంలో కోసుకోవడం గానీ మానేస్తే తిరిగి కట్టమని రాయించుకోవడం గానీ కుదరదు. ఐ-140, ఐ-485 (తేదీ వచ్చాక నువ్వు వేసే ఆఖరి గ్రీన్ కార్డ్ దరఖాస్తు) ఖర్చులు నువ్వు పెట్టుకోవచ్చు, అది వేరే. మీ ఫ్రెండ్ చెప్పిన ఆ కన్సల్టెన్సీ, డబ్బులు కడితే వెంటనే ఫైల్ చేస్తాం అన్నారన్నావు చూడు, వాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చెయ్. ప్రయారిటీ డేట్ నుంచీ చెప్పిన జీతం ఇచ్చే స్తోమత ఉందని కంపెనీ టాక్స్ కాగితాలతో చూపించాలి, ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద ఉన్నవాళ్ళకి జీతాలు ఎగ్గొట్టే చోట అది ఎక్కడ నిలుస్తుంది.

పెర్మ్ వచ్చాక 180 రోజుల్లోపు ఐ-140 వెయ్యాలి, అదనపు ఫీజు కట్టి ప్రీమియం లో వేస్తే 15 పనిదినాల్లో తేలిపోతుంది. అప్రూవ్ అయ్యాక ఆ నోటీసు కాపీ అడిగి తీసుకో. అది కంపెనీ కాగితం అని కొందరు ఇవ్వరు, కనీసం రిసీట్ నంబర్ అయినా రాసిపెట్టుకో, అదీ ఇవ్వకపోతే ఎఫ్ఓఐఏ (మన సమాచార హక్కు చట్టం లాంటిది) కింద ఇమిగ్రేషన్ వాళ్ళనే అడగొచ్చు. అప్రూవ్ అయిన దగ్గర్నుంచి 180 రోజులు మాత్రం ఆ కంపెనీ నుంచి కదలకు. ఆ తర్వాత కంపెనీ వెనక్కి తీసుకున్నా అప్రూవల్ పోదు, దాని మీద హెచ్-1 పొడిగింపులు నడుస్తూనే ఉంటాయి. ముందే తీసేసుకుంటే తేదీ మిగులుతుంది గానీ పొడిగింపుకి ఆధారం ఉండదు. కొత్త కంపెనీకి వెళ్తే వాళ్ళు మళ్ళీ పెర్మ్, మళ్ళీ ఐ-140 చెయ్యాలి, నీ పాత తేదీ మాత్రం నీతోనే వస్తుంది. ఒకే కంపెనీకి పదేళ్ళు కట్టుబడి పడి ఉండాలేమో అని నువ్వు భయపడుతున్నావు, అంత అక్కర్లేదు. మేమైతే 2007 జులైలో క్యూతో పనిలేకుండా తేదీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నప్పుడు ఐ-485 వేసేశాం, మధ్యలో మూసేసి మళ్ళీ ఆగస్టు 17 దాకా టైం ఇచ్చారు, ఆ హడావుడి నీకు చెప్పాలంటే ఇంకో ఉత్తరం. అలా తెరుచుకున్నప్పుడు వెయ్యగలిగింది ఐ-140 గానీ పెర్మ్ గానీ చేతిలో ఉన్నవాళ్ళే.

మీ అమ్మ సంబంధాలు చూస్తోంది కదా, నవ్వుకో గానీ ఇది కూడా విను. క్యూ చూసేది పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. అమ్మాయి కువైట్ లోనో మస్కట్ లోనో పుట్టిందనుకో, కడప రాజంపేట వైపు అలాంటి కుటుంబాలు బోలెడు, ఆ అమ్మాయి పుట్టిన దేశం కోటాలో నీకూ వస్తుంది. దానికోసం పెళ్ళి చేసుకోమనట్లేదు, అమ్మకి మాత్రం ఇప్పుడే చెప్పకు, ప్రతి బయోడేటాలో అదే వెతుకుతుంది.

ఇంకోటి, నీ బర్త్ సర్టిఫికెట్. తెనాలి మునిసిపాలిటీ వాళ్ళిచ్చిన దాంట్లో పేరు రాయలేదని మీ నాన్న ఒకసారి అన్నట్టు గుర్తు, ఇంటిపేరు కూడా పాస్‌పోర్ట్ లో ఉన్నట్టే ఉందో లేదో చూడమను. రికార్డే లేదంటే లేదని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, నువ్వు పుట్టిన సంగతి తెలిసిన ఇద్దరు పెద్దవాళ్ళతో అఫిడవిట్లు రాయించాలి, అమ్మమ్మ ఒకటి ఇస్తుంది, రెండోది మీ మేనత్తని అడుగుదాం. సంక్రాంతికి నేను వెళ్తున్నా, అప్పుడు దగ్గరుండి చేయిస్తాను, నీ టెన్త్ మెమో, పాస్‌పోర్ట్ స్కాన్ చేసి ఈ వారంలో వాట్సాప్ లో పెట్టు. మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టాక కూడా ఒక ముక్క రాయి.

పెద్దమ్మ