ఏడాది సరుకు ఈఎంఐ మీద కొనొచ్చా?

ప్రశ్న: మేం హైదరాబాద్ కూకట్‌పల్లిలో అద్దెకుంటాం. నేను, మావారు, ఆరేళ్ల పాప, అత్తయ్యగారు. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 78,000, ఖర్చులు 52,000. బ్యాంకులో 1,40,000 ఉంది. అత్తయ్యగారు తప్ప మేం ముగ్గురం పాలు, పెరుగు, నెయ్యి మానేసి వీగన్‌కు మారాం. బాదం, సోయా పాల ప్యాకెట్లకే నెలకు 3,600 అవుతోంది. ధరలు పెరుగుతున్నాయని ఏడాదికి సరిపడా సరుకు ఒకేసారి కొందామని ఆన్‌లైన్‌లో లిస్టు పెట్టాను. బ్రౌన్ రైస్, క్వినోవా, పప్పులు, బాదం, అవిసె పొడి కలిపి 60,000 అయింది. కార్డు మీద 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉంది. తీసుకోవచ్చా? ఇంట్లో ఏడాది తిండి ఉంటే ఎమర్జెన్సీ ఫండ్ తగ్గించుకోవచ్చు కదా?

జవాబు: ఆ ఆర్డర్ ఇంకా పెట్టకపోతే పెట్టకండి. సరుకు నిల్వ చేసుకోవాలన్న ఆలోచన మంచిదే. మీ లిస్టు, డబ్బు కట్టే పద్ధతి మాత్రం మార్చాలి.

ముందు ఈఎంఐ సంగతి. నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు, ఆ వడ్డీని డిస్కౌంట్ రూపంలో ముందే తగ్గించి చూపిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మీ బిల్లులోనే పడుతుంది. వడ్డీ 15 శాతం అనుకుంటే, నెలకు 5,000 చొప్పున 12 నెలలకు వడ్డీ భాగం సుమారు 4,600, దాని మీద జీఎస్టీ 830. ప్రాసెసింగ్ ఫీజు కూడా కలిస్తే వెయ్యి దాటుతుంది. వెయ్యే కదా అనుకోవచ్చు. కానీ ఒక్క నెల బిల్లు కట్టడం తప్పితే చాలా కార్డులు నెలకు మూడు శాతానికి పైగా వడ్డీ వేస్తాయి. తినేసిన పప్పుకి ఆ రేటున వడ్డీ కట్టే పరిస్థితి ఎందుకు?

ఆ 5,000నే ముందుగా దాచండి. ఆగస్టు నుంచి నెలనెలా ఆర్‌డీలో వేస్తే సంక్రాంతికి 25,000 చేతిలో ఉంటుంది. సంక్రాంతి అని ఎందుకంటున్నానంటే, మన వంటింట్లో ఏడాది పొడవునా నిలవుండే సరుకులు చాలావరకు జనవరి నుంచి ఏప్రిల్ లోపే మార్కెట్‌కు వస్తాయి. కొత్త కందులు, నిజామాబాద్, దుగ్గిరాల పసుపు, గుంటూరు యార్డుకు మిర్చి, కొత్త చింతపండు, అన్నీ ఆ నాలుగు నెలల్లోనే. ఏడాదికి కొనాలంటే అప్పుడే కొనాలి.

అలా కొన్నా లాభం గ్యారంటీ అనుకోవద్దు. 2024లో కిలో 160 దాటిన కందిపప్పు, సుంకం లేని దిగుమతులు, కొత్త పంట రావడంతో 2025లో చాలాచోట్ల 120 దగ్గరికి దిగింది. "ఇంకా పెరుగుతుంది" అని 160కి బస్తా కొన్నవాళ్లు కిలోకి 40 నష్టపోయినట్టే. అందుకే ధర మీద పందెం కాయకుండా మీ వాడకాన్ని చూసి కొనండి. నెలకు రెండున్నర కిలోలు వాడితే ఏడాదికి 30 కిలోలు, అంతకు మించి ఒక్క కిలో వద్దు. తాండూరు కందిపప్పుకి 2022లో జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక పంటన్న గుర్తింపు వచ్చింది, రుచి బాగుంటుంది. ఆ పేరుకు ఎక్కువ ధర పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం.

నిల్వ చేస్తే నిజంగా విలువ పెరిగేది బియ్యం. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది కాబట్టి చవక, అదే ఆరేడు నెలలు ఆగితే పాత బియ్యం ధర పలుకుతుంది. కిలోకి ఏడు రూపాయల తేడా అనుకుందాం. జనవరిలో నాలుగు బస్తాలు, అంటే 104 కిలోలు, 50 చొప్పున 5,200కి కొని ఆగస్టు నుంచి వాడితే 728 మిగులుతుంది. అదే డబ్బు ఎఫ్‌డీలో ఉంటే ఆ ఏడు నెలలకు రెండొందలు. సరుకు గెలిచింది, కానీ ఒక్క బస్తా పురుగు పట్టిందంటే పోయేది 1,300. అందుకే ఆరబెట్టి, గాలి చొరబడని డబ్బాల్లో పోసే ఓపిక ఉంటేనే దిగండి. బస్తా 26 కిలోలు ఎందుకో గమనించారా? 2022 జూలై నుంచి 25 కిలోల వరకు లేబుల్ వేసిన ప్యాకింగ్ బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ ఉంది, ఆపైన లేదు. ఒక్క కిలో పెంచి మిల్లర్లు పన్ను తప్పించారు. ఆ లాభం మీరూ తీసుకోవచ్చు.

మీ లిస్టులోని బ్రౌన్ రైస్ మాత్రం నిల్వ సరుకే కాదు. తవుడులో నూనె ఉంటుంది, కొన్ని నెలలకే కమురు వాసన వస్తుంది. అవిసె పొడి ఇంకా తొందరగా చెడుతుంది, గింజలుగా కొని కావలసినప్పుడు పొడి చేసుకోండి. బాదం, పల్లీలు, నువ్వులు రెండు మూడు నెలలకు మించి వద్దు. బూజు పట్టిన పల్లీలు ఏరుకుని తినే అలవాటుంటే మానేయండి, అది విషమే. పొట్టు తీసిన కొర్రలు, సామలదీ అదే ఇబ్బంది. రాగులు మాత్రం చాలాకాలం చెడకుండా ఉంటాయి. పైగా క్వినోవాతో పోలిస్తే చాలా చవక, పాపకి కాల్షియం కూడా.

మీ కుటుంబానికి నా అంచనా ఇది. ఏడాదికి కొనేవి: నాలుగు బస్తాల బియ్యం 5,200, కందిపప్పు 3,600, ఎనిమిది కిలోల చింతపండు 1,200, నాలుగు కిలోల ఎండుమిర్చి 1,000, పసుపు, ధనియాలు, మెంతులు, ఆవాలు మరో వెయ్యి. మొత్తం 12,000. మినప్పప్పు, పెసరపప్పు, శనగలు, అలసందలు, రాగులు, సోయా గింజలు, మీల్‌మేకర్, బెల్లం, నూనె లాంటివి మూడు నెలలకోసారి, ఒక విడతకు తొమ్మిది పది వేలు. పాతది ముందు, కొత్తది వెనక పెట్టుకుంటూ వాడండి. అంటే ఒక్కసారిగా కావలసింది 22,000. వీటిలో దేనికీ వీగన్ ముద్ర అక్కర్లేదు. 2022లో ఆహార ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ తెచ్చిన వీగన్ లోగో బిస్కెట్లు, చాక్లెట్ల లాంటి వాటికి పనికొస్తుంది. కందిపప్పు ప్యాకెట్ మీద ఆ మాట రాసి ధర పెంచితే పక్క ప్యాకెట్ తీసుకోండి.

నిజంగా డబ్బు కారిపోతున్నది పాల దగ్గర. నెలకు 3,600 అంటే ఏడాదికి 43,200. 2025 సెప్టెంబర్‌లో మొక్కల పాల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గినా ప్యాకెట్ ప్యాకెట్టే. కిలో సోయా గింజలు నానబెట్టి, ఉడకబెట్టి, రుబ్బి వడగడితే ఏడెనిమిది లీటర్ల పాలొస్తాయి. మీకు నెలకు నాలుగు కిలోలు చాలు, గ్యాస్‌తో కలిపి ఐదారొందలు. పల్లీ పాలలో మిరపకాయ తొడిమలు వేసి తోడు పెడితే మజ్జిగకి సరిపడా పెరుగవుతుంది. రోజూ చేయలేనని మీరంటారు, నిజమే. వారంలో నాలుగు రోజులు చేసినా నెలకు పదిహేను వందలకు పైనే మిగులుతుంది.

ఒక్క జాగ్రత్త. కొన్ని ప్యాకెట్ పాలలో బి12, కాల్షియం కలుపుతారు, ఇంటి పాలలో బి12 ఉండదు, కాల్షియం తక్కువ. మొక్కల తిండిలో నమ్ముకోదగ్గ బి12 లేదు. ముగ్గురికీ మాత్రలో, చుక్కలో బడ్జెట్‌లో రాసుకోండి. పాప మోతాదు పిల్లల డాక్టర్‌ని అడిగే వేయండి. అత్తయ్యగారి పాల ప్యాకెట్ కూడా బడ్జెట్‌లో ఉండనివ్వండి, దాన్ని కోసి మిగిల్చేది ఏమీ లేదు.

ఇక ఎమర్జెన్సీ ఫండ్. తగ్గించకండి. ఉద్యోగం పోతే ఇంటి ఓనర్ కందిపప్పు తీసుకోడు, స్కూలు ఫీజుకి చింతపండు చెల్లదు. నిండిన అల్మారా నెలవారీ సరుకుల బిల్లుకి మాత్రమే అండ. మీ 52,000 ఖర్చుకి ఆరు నెలలంటే 3,12,000 కావాలి, ఉన్నది 1,40,000. నెలకు మిగిలే 26,000లో 5,000 సరుకుల ఆర్‌డీకి పోయినా 20,000 ఫండ్‌లో వేయగలరు. తొమ్మిది నెలల్లో లోటు తీరుతుంది. సంక్రాంతి దాకా ఏడాది సరుకు మోజు కాస్త తగ్గించుకుని, మూడు నెలల సరుకుతో మొదలుపెట్టండి.

నిల్వ చేసే పద్ధతి నాకంటే అత్తయ్యగారికే బాగా తెలిసి ఉంటుంది. కందిపప్పుకి ఆముదం పట్టించడం, బియ్యంలో ఎండిన వేపాకు వేయడం ఆమెను అడిగి చేయండి. అపార్ట్‌మెంట్‌లో బాత్‌రూం గోడకు ఆనుకుని ఉన్న అటక మీద మాత్రం ఏదీ పెట్టకండి, వానాకాలంలో చెమ్మ అక్కడే మొదలవుతుంది.