ముందు పోస్టు డబ్బా మీద పేరు అంటించండి

పాలు తర్వాత పొంగించుకోవచ్చు. జర్మనీలో ఇంటి తాళాలు చేతికొచ్చిన రోజు మొదట కిందికి దిగి పోస్టు డబ్బా మీద మీ పేరు అంటించండి. కాలింగ్ బెల్ మీద కూడా. ఇక్కడ చాలా బిల్డింగుల్లో ఫ్లాట్ నంబర్లుండవు. మా మెట్ల కింద పన్నెండు డబ్బాలున్నాయి, ఒక్కదాని మీదా అంకె లేదు, అన్నీ పేర్లే. కవరు మీద పేరు, డబ్బా మీద పేరు కలిస్తే పోస్ట్‌మన్ లోపల వేస్తాడు. కలవకపోతే వెనక్కి పట్టుకుపోతాడు. పైకొచ్చి తలుపు కొడతాడని, పక్కింట్లో వాకబు చేస్తాడని ఆశ పెట్టుకోకండి.

ఈ దేశంలో మీ డబ్బు, ఇల్లు, ఇన్సూరెన్స్, వీసా అన్నీ ఆ రేకు డబ్బాలోంచే నడుస్తాయి. కొత్తగా వచ్చినవాళ్లు నాకు ఫోన్ చేసి చెప్పుకునే కష్టాల్లో సగానికి పైగా, కూపీ లాగితే, అందని ఉత్తరం దగ్గరో విప్పని ఉత్తరం దగ్గరో తేలతాయి.

నా సంగతే చెప్తాను. వచ్చిన కొత్తలో ఒక సీనియర్ గదిలో సర్దుకున్నాను. డబ్బా మీద ఆయన పేరొక్కటే ఉండేది. ఉండేది రెండు నెలలే కదా, పర్లేదులే అనుకున్నాం. బ్యాంకు వాళ్లు కార్డు ఒక కవర్లో, పిన్ ఇంకో కవర్లో పంపుతారు. కార్డు ఎలాగో అందింది, పిన్ వెనక్కి పోయింది. ష్టోయర్ ఐడీ అని పదకొండు అంకెల పన్ను నంబరు ఒకటుంటుంది, అదీ ఉత్తరంలోనే వస్తుంది, అదీ పోయింది. నంబరు ఇవ్వలేకపోయేసరికి నా జీతంలో ట్యాక్స్ క్లాస్ 6 కింద, అంటే అన్నిటికన్నా ఎక్కువ రేటుతో కోసేశారు. ఆ డబ్బు తర్వాత తిరిగొచ్చిందనుకోండి. కానీ ఆ నెల అద్దెకి ఆ సీనియర్ దగ్గరే చెయ్యి చాపాల్సొచ్చింది.

మన పేర్లతో ఇంకో తిరకాసు. మనకి ఇంటిపేరు ముందు, వీళ్లకి వెనక. కొందరి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరంతా ఒకే వరసలో ఉంటుంది. ఇక్కడి క్లర్కుకి ఇంటిపేరేదో ఎలా తెలుస్తుంది? ఒక ఆఫీసువాళ్లు ఒకలా, ఇంకో ఆఫీసువాళ్లు ఇంకోలా రాసుకుంటారు, ఒకే మనిషి మూడు పేర్లతో తిరుగుతాడు. అన్‌మెల్డుంగ్ (ఇంటి నమోదు) కాగితంలో మీ పేరు ఎలా పడిందో చూసుకుని, బ్యాంకులో, ఇన్సూరెన్స్‌లో, ఉద్యోగంలో అచ్చంగా అలాగే రాయించండి. డబ్బా మీద మాత్రం మొహమాటం లేకుండా అన్నీ రాసేయండి: ఇంటిపేరు, అసలు పేరు, భార్య పుట్టింటి ఇంటిపేరు మార్చుకోకపోతే అదీ. మా డబ్బా చూస్తే నలుగురు కాపురముంటున్నట్టు ఉంటుంది.

అన్‌మెల్డుంగ్ అంటే ఫలానా ఇంట్లో దిగానని ఊరి ఆఫీసులో నమోదు చేసుకోవడం. ఇంట్లో దిగిన రెండు వారాల్లోపు చేయాలన్నది చట్టం. పెద్ద ఊళ్లలో అపాయింట్‌మెంట్ దొరకడమే గగనం కాబట్టి, ఇల్లు ఖాయం కాగానే బుక్ చేసుకోండి. అద్దె అగ్రిమెంటు ఒక్కటే పట్టుకెళ్తే కుదరదు. "వీళ్లు నా ఇంట్లో దిగారు" అని ఓనరు సంతకం పెట్టిచ్చే వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్ అనే కాగితం కావాలి. పలకలేకపోయినా పర్వాలేదు, ఫోన్లో రాసి చూపించండి. గది ఇస్తాను గానీ అన్‌మెల్డుంగ్ కుదరదు అనే ఓనరు ఎదురైతే, అద్దె ఎంత తక్కువైనా దండం పెట్టి వచ్చేయండి. అది లేకపోతే పన్ను నంబరు రాదు, వీసా తర్వాత ఇచ్చే రెసిడెన్స్ పర్మిట్ కార్డు పని ముందుకు సాగదు.

ఆ ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది. మనవాళ్లలో క్రైస్తవులు సహజంగానే క్యాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాసేస్తారు. రాయడం తప్పేమీ కాదు, కానీ తెలిసి రాయండి. ఇక్కడ చర్చి పన్ను జీతంలోంచే కోస్తారు. మీ ఆదాయపు పన్ను ఎంతో, దాని మీద బవేరియాలో, బాడెన్ వుర్టెంబెర్గ్‌లో 8 శాతం, మిగతా రాష్ట్రాల్లో 9 శాతం. మా పరిచయస్తుడొకాయన రెండేళ్లు కట్టాక గానీ పేస్లిప్పులో ఆ వరస ఏమిటో అడగలేదు.

స్టూడెంట్లకి మొదటి నెల అసలు పరీక్ష. బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే ఖర్చులకి డబ్బుందని వీసా కోసం చూపించే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు వేసి వస్తారు, నెలకి 992 చొప్పున వదులుతారు. ఆ డబ్బు పడాలంటే మామూలు బ్యాంకు ఖాతా ఉండాలి. ఖాతాకి చాలా బ్యాంకులు అన్‌మెల్డుంగ్ అడుగుతాయి. దానికి ఇల్లు ఉండాలి. ఇంటికి డిపాజిట్ కట్టాలి. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టుంటుంది. అందుకే కనీసం రెండు నెలల ఖర్చు విడిగా, అందుబాటులో ఉండేలా తెచ్చుకోండి. ఏ బ్యాంకూ ఖాతా ఇవ్వకపోతే బాసిస్‌కోంటో అని అడగండి. చట్టబద్ధంగా ఇక్కడ ఉంటున్న ఎవరికైనా ఆ మామూలు ఖాతా తెరిచే హక్కు ఉంది. ఆ మాట ఎత్తితే కౌంటర్లో మనిషి గొంతు కొంచెం మారుతుంది.

ఇక అద్దె. ప్రకటనలో కాల్ట్‌మీట అని ఉంటే అది ఉత్త గోడల అద్దె. వార్మ్‌మీట అంటే హీటింగ్, నీళ్లు, చెత్త, మెట్లు తుడిపించడం కలిపి. కరెంటు, ఇంటర్నెట్ మామూలుగా ఇందులోనూ ఉండవు. ఈ పై ఖర్చు ప్రతి నెలా కట్టేది అంచనా మాత్రమే. మరుసటి ఏడాది లెక్క తేల్చి ఉత్తరం పంపుతారు. చలికాలమంతా కిటికీ ఓరగా తెరిచి హీటర్ ఆన్‌లో ఉంచినవాళ్లకి ఆ ఉత్తరం గట్టిగా తగులుతుంది. లెక్క తేల్చడానికి ఓనరుకి పన్నెండు నెలల గడువుంటుంది. ఆయన తప్పు వల్ల గడువు దాటితే అదనంగా అడిగే హక్కు పోతుంది. అడిగినప్పుడు బిల్లులు చూపించమనే హక్కు మీకుంది.

డిపాజిట్ మూడు నెలల కాల్ట్‌మీటకి మించి అడగకూడదు, దాన్ని మూడు వాయిదాల్లో కట్టుకోవచ్చు. రెండూ చట్టంలో ఉన్నవే. ఇల్లు చూపించకుండా "నేను విదేశంలో ఉన్నాను, డబ్బు పంపితే తాళాలు పోస్టులో వస్తాయి" అన్నవాడు దొంగ. ఇందులో ఆలోచించడానికేమీ లేదు. కొన్ని ఇళ్లలో వంటగది అంటే నాలుగు గోడలు, ఒక నీళ్ల పైపు, అంతే. సింకు కూడా పాతవాళ్లు ఊడదీసుకుపోతారు. చూడ్డానికి వెళ్లినప్పుడే వంటగది ఉంటుందా పోతుందా అని అడగండి.

తాళాలు తీసుకునే రోజు ఊబర్‌గాబె ప్రోటోకోల్ అని ఒక కాగితం మీద సంతకాలు చేసుకుంటారు. మీటర్ రీడింగులు, ఎన్ని తాళాలు, ఎక్కడెక్కడ గీతలు, మరకలు అన్నీ అందులో ఎక్కాలి. నేను మొదటి ఇంట్లో ఫ్లోరింగ్ మీద, కిటికీ కింద అరచేయంత తెల్లటి మచ్చ చూసి కూడా ఊరుకున్నాను. పెద్దాయన, ఆయన ముందు అలా వేలు పెట్టి చూపిస్తే ఏం బావుంటుంది అని. ఖాళీ చేసినప్పుడు ఆ పెద్దాయనే వంగి, కళ్లజోడు సర్దుకుని, టేపుతో ఆ మచ్చ కొలిచాడు. డిపాజిట్‌లోంచి పోయింది. ఇప్పుడు ఫోన్లో ఇల్లంతా వీడియో తీస్తాను, ఓనరు పక్కన ఉండగానే.

ఇన్సూరెన్సుల్లో హెల్త్ గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వెనక్కి రాలేని దారి అదొక్కటే. ప్రభుత్వ క్రాంకెన్‌కస్సలో, అంటే హెల్త్ ఇన్సూరెన్స్‌లో, జీతంలో 14.6 శాతం, దాని మీద కొంచెం అదనం, అందులో సగం కంపెనీ కడుతుంది. సంపాదన లేని భార్యకో భర్తకో, పిల్లలకో విడిగా ఏమీ కట్టక్కర్లేదు. ప్రైవేటులో ఎవరి ప్రీమియం వారిదే. జీతం ఒక పరిమితి దాటినవాళ్ల చుట్టూ ఏజెంట్లు తిరుగుతారు, మన ఉగాది ఫంక్షన్లో పులిహోర ప్లేటు పట్టుకుని కూడా. పాతికేళ్ల ఒంటరి మనిషికి ప్రైవేటు చవగ్గానే కనిపిస్తుంది. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక, ఆ పైన వయసు పెరిగాక లెక్క తిరగబడుతుంది. 55 దాటాక ప్రభుత్వ ఇన్సూరెన్స్‌కి తిరిగి రావడం దాదాపు అసాధ్యం. స్టూడెంట్లూ జాగ్రత్త. మొదట్లో చవక అని ప్రైవేటు తీసుకుని, ప్రభుత్వ ఇన్సూరెన్స్ నుంచి మినహాయింపు కాగితం మీద సంతకం పెడితే, ఆ చదువు అయ్యేదాకా అంతే. 30 ఏళ్లు నిండినవాళ్లకి మాత్రం ప్రభుత్వ ఇన్సూరెన్స్‌లో స్టూడెంట్ రేటు వర్తించదు కాబట్టి, ఉద్యోగం మానేసి చదువుకి వచ్చేవాళ్లు బయల్దేరకముందే దీని లెక్క చూసుకోండి.

రెండోది హాఫ్ట్‌ఫ్లిష్ట్. మనవల్ల ఇంకొకరికి నష్టం జరిగితే కట్టే ఇన్సూరెన్స్. ఏడాదికి వంద యూరోల లోపే దొరుకుతుంది. అనవసరం అనిపిస్తుంది, నాకూ అనిపించింది, తాళం పోయేదాకా. ఇక్కడ మీ ఇంటి తాళంచెవే వీధి తలుపుకీ, సెల్లార్‌కీ, సైకిళ్ల గదికీ పడుతుంది. అది పోతే మొత్తం బిల్డింగ్ తాళాలు మార్చాలని ఓనరు వేల యూరోల లెక్క చెప్పొచ్చు. నిజంగా మార్చకుండా ఆ ఖర్చు అడగకూడదని 2014లో ఇక్కడి ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. మార్చారంటే మాత్రం బిల్లు మీ మెడకే. పాలసీ తీసుకునేటప్పుడు తాళాలు పోగొట్టుకోవడం అందులో ఉందో లేదో చదివి తీసుకోండి. మిగతా పాలసీల సంగతి నెమ్మదిగా చూసుకోవచ్చు.

టీవీ లేదు కదా అని రేడియో పన్ను, అంటే ప్రభుత్వ రంగ టీవీ, రేడియో ప్రసారాల కోసం వసూలు చేసే రుసుము, ఉత్తరాన్ని చెత్తలో వేయకండి. ఇంటికి నెలకి 18.36 యూరోలు, టీవీ ఉన్నా లేకపోయినా. మనిషికి కాదు, ఇంటికి. ఒక ఇంట్లో నలుగురుంటే ఒకరు కట్టి, మిగతావాళ్లు ఆయన కట్టే ఖాతా నంబరు రాసి పంపితే సరిపోతుంది.

ఉత్తరాల్లో పసుపు రంగు కవరుంటుంది, దాన్ని చూస్తే మాత్రం కూర్చుని విప్పండి. కోర్టు నుంచో ఆఫీసు నుంచో సాక్ష్యంతో అందజేసేది. పోస్ట్‌మన్ కవరు మీద తేదీ రాసి డబ్బాలో పడేసి పోతాడు. ఆ రోజే మీకు అందినట్టు లెక్క, మీరు చూసినా చూడకపోయినా. కవరు కూడా దాచండి, తేదీకి సాక్ష్యం అదే. మాన్‌బెషైడ్ (బాకీ కట్టమని కోర్టు ద్వారా వచ్చే నోటీసు) అయితే అభ్యంతరం చెప్పడానికి రెండు వారాలే. ట్యాక్స్ ఆఫీసు నిర్ణయం మీదైతే ఒక నెల. తెలిసిన అమ్మాయి ఒకతె ఆరు వారాలు ఇండియా వెళ్లొచ్చేసరికి, తను ఎప్పుడో మానేశాననుకున్న కాంట్రాక్టు మీద ఇలాంటిదే వచ్చి గడువు దాటిపోయింది. ఊరెళ్తే డబ్బా తాళంచెవి నమ్మకమైనవాళ్లకి ఇచ్చి, వారానికోసారి కవర్లు ఫోటో తీసి పంపమనండి. భాష రాకపోతే ఫ్రిస్ట్ అనే మాట, దాని పక్కన తేదీ వెతకండి. గడువు అంటే అదే.

ట్యాక్స్ రిటర్న్ వేయాల్సిన అవసరం లేనివాళ్లు కూడా వేసుకోండి, నాలుగేళ్ల వెనక్కి దాకా వేయొచ్చు. ఏడాది మధ్యలో ఉద్యోగంలో చేరినవాళ్లకి ఎక్కువగా డబ్బు వెనక్కే వస్తుంది. ఇండియా ఖాతాల విషయంలో మాత్రం మనవాళ్లు నిద్రపోతుంటారు. పాత సేవింగ్స్ ఖాతా అలాగే నడపకూడదు, ఎన్ఆర్ఓ (విదేశాల్లో ఉండేవాళ్లు ఇండియా ఆదాయం కోసం ఉంచుకునే ఖాతా) కింద మార్పించాలి. ఎన్ఆర్ఇ (విదేశీ సంపాదన ఇండియాలో దాచుకునే ఖాతా) డిపాజిట్ వడ్డీకి అక్కడ పన్ను లేదు కాబట్టి ఇక్కడా లేదనుకుంటారు. ఇక్కడ కాపురం ఉంటున్నవాళ్లు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా చూపించాలి. వడ్డీ, డివిడెండ్లు కలిపి మనిషికి ఏడాదికి 1,000 యూరోల వరకు మినహాయింపు, ఆపైన 25 శాతం, దాని మీద సర్‌చార్జీ. రెండు దేశాలూ ఖాతాల వివరాలు ఒకరికొకరు పంపుకుంటాయి, కాబట్టి ఎవరికి తెలుస్తుందిలే అనుకోకండి.

ఇల్లు మారేటప్పుడు మూడు నెలల నోటీసు. వాట్సాప్, ఈమెయిల్ చెల్లవు. కాగితం మీద పెన్నుతో సంతకం చేసి, నెలలో మూడో పనిదినం లోపు అందేలా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. దేశమే వదిలి వెళ్లేవాళ్లు అబ్‌మెల్డుంగ్, అంటే ఆ ఇంటి నమోదు తీసేయించుకోవడం, మర్చిపోతే, వెళ్లాక కూడా బిల్లులు మీ పేరు మీద పేరుకుంటూనే ఉంటాయి.

పోస్టు ఆఫీసులో డబ్బు కడితే పాత అడ్రసు ఉత్తరాలు కొత్త ఇంటికి మళ్లిస్తారు. అయినా పాత డబ్బా మీద స్టికర్ ఆ రోజే పీకేయకండి. మా పాత ఇంట్లో దిగిన తమిళ కుర్రాణ్ణి అడిగితే, రెండు నెలలు నా పేరు కింద తన పేరు అంటించుకున్నాడు. దారి తప్పి వచ్చిన కవర్లన్నీ ఫోటో తీసి పంపేవాడు. వాటిలో ఒకటి ఆ తెల్లమచ్చ లెక్క.