స్పోర్ట్స్ కారుకు లోయరింగ్ స్ప్రింగులు (కారు ఎత్తు తగ్గించేవి) వేశాక టైర్ల లోపలి అంచు అరుగుతోంది. వైజాగ్‌లో అలైన్‌మెంట్ ఎలా చేయించాలి?

నెగటివ్ క్యాంబర్, అంటే చక్రం పైభాగం లోపలికి వాలడం, పెరిగితే లోపలి వైపు అరుగుతుంది, నిజమే. కానీ టైరును త్వరగా తినేసేది టో తేడా, అంటే పైనుంచి చూస్తే చక్రం ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండటం. చక్రం దొర్లుతూనే పక్కకు ఈడ్చుకుపోతుంది. అరిగిన చోట నిమిరి చూడండి, రంపం పళ్లలా చేతికి తగులుతుంది.

మొదట అన్ని టైర్లలో గాలి, బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు ముక్కలు), బాల్ జాయింట్లు చూపించండి. బుష్ వదులుగా ఉంటే ఎంత సెట్ చేసినా నిలవదు. మన సముద్రపు గాలికి, టో సరిచేసే టై రాడ్ లాక్ నట్లు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి, ముందురోజే రస్ట్ స్ప్రే కొట్టించండి.

వెనక చక్రాలూ కొలవాల్సిందే. మెషిన్ తెర చూపించి 'గ్రీన్ వచ్చింది సార్' అంటే ఒప్పుకోకండి, గ్రీన్ చూపే పరిధి చాలా వెడల్పు. ముందూ తర్వాతా ప్రింటవుట్ అడగండి, కుడి ఎడమల టో అంకెలు దాదాపు ఒకేలా ఉండాలి. ఆ తర్వాత ట్రాఫిక్ లేనప్పుడు భీమిలి రోడ్డులో నడిపి, స్టీరింగ్ నిటారుగా ఉందో లేదో చూసుకోండి.